యాంటీ-డి ఇంజెక్షన్: రెండు కాన్పులు, మూడు సూదులు, నా రివ్యూ

నా బ్లడ్ గ్రూపు ఓ నెగటివ్, మావారిది పాజిటివ్, అందుకే కాన్పులప్పుడు ఈ సూది వేయించుకోవాల్సి వచ్చింది. ఇంజెక్షన్‌కి కూడా రివ్యూ ఏంటి అనకండి, వేయించుకునే ముందు నేను వెతికితే డోసు తప్ప ఇంకేమీ దొరకలేదు.

బిడ్డలో సగం తండ్రి వాటానే కదా. వేరేవాళ్ళ కిడ్నీ పెడితే ఒప్పుకోని ఒళ్ళు బిడ్డని తొమ్మిది నెలలు ఎలా మోస్తుంది? 1953లోనే పీటర్ మెడవార్ అనే శాస్త్రవేత్త అడిగిన ప్రశ్న ఇది. మాయ (ప్లాసెంటా) పైపొర కణాలు హెచ్ఎల్ఏ-ఏ, బి అనే గుర్తుల్ని, అంటే తండ్రిని పట్టిచ్చేవాటిని, బయటపెట్టవు. బదులుగా హెచ్ఎల్ఏ-జి అనే ఇంకో గుర్తు చూపించి గర్భసంచిలోని ఎన్‌కే కణాల్ని (ఒంటికి కాపలా కాసే ఒక రకం కణాలు) శాంతపరుస్తాయి, ఇటు అమ్మ ఒంట్లో రెగ్యులేటరీ టి కణాలు మిగతా కాపలా కణాలకి కళ్ళెం వేస్తాయి. బాగానే ఉంది గానీ కాన్పప్పుడు బిడ్డ రక్తం కాస్త అమ్మ రక్తంలో కలిసిందా, ఈ ఏర్పాటు అక్కడ పనికిరాదు. ఎర్ర కణాల మీదున్న డి అనే గుర్తుని (అది ఉంటే పాజిటివ్, లేకపోతే నెగటివ్) అమ్మ ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది, మొదటి బిడ్డకి మామూలుగా ఏమీ కాదు, తర్వాతి బిడ్డ పాజిటివ్ అయితే మాత్రం అమ్మ ఒళ్ళు తయారుచేసే ఐజీజీ రకం యాంటీబాడీలు (రక్షణ ప్రోటీన్లు) మాయ దాటి వెళ్ళి ఆ బిడ్డ ఎర్ర కణాల్ని పగలగొడతాయి. ఆ గుర్తుపెట్టుకోవడాన్నే ఈ సూది ఆపుతుంది. ఒకసారి ఒళ్ళే సొంతంగా యాంటీబాడీలు తయారుచేసుకున్నాక వేసినా దండగే.

మొదటి కాన్పుకి నాకు 28 వారాలకి ఒకటి, బిడ్డ పాజిటివ్ అని తేలాక 72 గంటల్లోపు ఇంకొకటి వేశారు, ఒక్కోటి 300 మైక్రోగ్రాములు. ఒకటి రెండు రోజులు సలుపు, అంతే. అబార్షన్ అయినా, మధ్యలో రక్తస్రావం అయినా కూడా అడగాలని తర్వాత తెలిసింది.

సూదికి ఐదుకి ఐదు. ఆసుపత్రికి రెండు. బొడ్డుతాడు రక్తం గ్రూపు రిపోర్టు రెండో రోజు సాయంత్రానికి గానీ రాలేదు, పచ్చి బాలింతనై ఉండి గంటలు లెక్కపెట్టుకుంటూ నేనే నర్సుని మూడుసార్లు అడిగాను. అంతకుముందు 28 వారాల సూది తర్వాత కూంబ్స్ టెస్ట్ (రక్తంలో ఇలాంటి యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది) కొద్దిగా పాజిటివ్ వస్తే టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర లేదు, తీరా చూస్తే అది సూదిలో వచ్చిన యాంటీబాడీయే. ఆ ఒక్క ముక్క ముందే చెప్పొచ్చుగా!

ఈ మందు మనుషులిచ్చిన ప్లాస్మా నుంచే వస్తుంది. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన 1,173 సార్లు ఇచ్చి, 2025లో 88 ఏళ్ళకి పోయారు.

రెండోవాడు నెగటివ్ అని తేలింది, నాలుగో సూది తప్పింది.