ఫాక్స్‌క్యాచర్: సినిమానా, డాక్యుమెంటరీనా?

తన ఎస్టేట్‌లో మల్లయోధులను పోషించిన అమెరికన్ కోటీశ్వరుడు జాన్ డ్యూపాంట్, వాళ్లలో ఒకడైన డేవ్ షుల్ట్జ్‌ని కాల్చి చంపిన నిజ ఘటనపై తీసిన సినిమా 2014 నాటి ‘ఫాక్స్‌క్యాచర్’. దానికి కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి అవార్డు, 5 ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. అంత హంగామాకి తగ్గ సినిమా కాదు. డ్యూపాంట్‌గా వేసిన స్టీవ్ కారెల్ పెట్టుడు ముక్కు సంగతి అటుంచితే, కాలక్రమమే దెబ్బతింది. 1988 సియోల్ ఒలింపిక్స్ అయిన కొన్నాళ్లకే డేవ్ షుల్ట్జ్ హత్య జరిగినట్టు అనిపిస్తుంది. అసలు కాల్పులు జరిగింది 1996 జనవరి 26న. మధ్యలో ఏడేళ్లు గల్లంతు! జాన్ డ్యూపాంట్ మతి బాగా చెడింది ఆ ఏళ్లలోనే మరి.

2016లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘టీమ్ ఫాక్స్‌క్యాచర్’ డాక్యుమెంటరీ ఆ ఖాళీనే పూరిస్తుంది: ఎస్టేట్‌లో తీసిన పాత వీడియోలు, తోటి మల్లయోధుల మాటలు. ముందు ఇదే చూడండి.

సినిమాలో వదులుకోకూడనిది డేవ్, అతని తమ్ముడు కలిసి చేసే కుస్తీ సాధన సీను. మాటల్లేవు, పట్లు బిగుసుకుంటాయి, డేవ్ ముక్కు నుంచి రక్తం కారుతుంది. డేవ్‌గా వేసిన మార్క్ రఫెలో అక్కడ నటిస్తున్నట్టే ఉండడు.