శని ఫొటోల అసలు ఫైళ్లు కావాలా? ఓపస్ వాడి చూడండి

రంగులద్దిన శని బొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయి. కెమెరా పట్టిన అసలు కొలతలు కావాలంటే మాత్రం నాసా వారి ప్లానెటరీ డేటా సిస్టమ్‌కే (గ్రహయాత్రల డేటా భద్రపరిచే భండారం) వెళ్లాలి. అందులో వలయాలు, ఉపగ్రహాల విభాగం సెటి ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. అక్కడి సెర్చ్ టూల్ ఓపస్. డబ్బు కట్టక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది కోణాలతో వెతకగలగడం. శని ఉపగ్రహం ఎన్సెలాడస్ దక్షిణ ధ్రువం దగ్గర ఎగజిమ్మే మంచు ధూళి, వెనకనుంచి ఎండ పడ్డప్పుడే బాగా మెరుస్తుంది. అందుకని ఎన్సెలాడస్‌ను ఎంచుకుని, ఫేజ్ కోణం (ఆ ఉపగ్రహం దగ్గర సూర్యుడి దిశకూ కెమెరా దిశకూ మధ్య కోణం) 150 డిగ్రీలు దాటినవే చూపించమన్నాను. శని చుట్టూ తిరిగిన నాసా నౌక కస్సీని తీసిన ఫొటోలు వరసగా వచ్చాయి: సన్నటి నెలవంక, దాని అంచున పొగలాంటి తెర. ఎంతసేపు చూశానో!

ముడి ఫైలు, సరిదిద్దిన ఫైలు రెండూ ఉంటాయి. వెలుగును కొలవాలంటే రెండోది తీసుకోండి. కస్సీని ఫైలు పేరు ఎన్‌తో మొదలైతే నారో యాంగిల్ కెమెరా, డబ్ల్యూతో అయితే వైడ్ యాంగిల్. పక్కనున్న అంకెలు నౌక గడియారం లెక్క.

కొత్తవాళ్లకు ఒక చిక్కుంది. ఈ ఫొటోలుండే ఐఎంజి (.IMG) ఫైళ్లు మామూలు ఫొటో వ్యూయర్‌లో తెరుచుకోవు, పైథాన్ ప్రోగ్రామింగ్ కొంచెం తెలియాలి. ఫొటోతో పాటు వచ్చే లేబుల్ ఫైలు మాత్రం వదలకండి. ఏ ఫిల్టరు, ఎంతసేపు ఎక్స్‌పోజర్, అన్నీ అందులోనే రాసుంటాయి. 1977లో బయల్దేరిన వాయేజర్ నౌకల ఫొటోలనూ ఇక్కడే ఇలాగే వెతకొచ్చు. ముందు ప్రివ్యూలు చూసి, కావలసినవే కార్ట్‌లో వేసుకుని దించుకోండి.