షాపు ఇన్సూరెన్స్ ఎనిమిదేళ్లు కట్టాక: డబ్బులైతే వచ్చాయి...

తీసుకోవచ్చా అని అడిగేవాళ్లకు ముందే చెప్తున్నా, కంపెనీ నన్ను మోసం చెయ్యలేదు. చేసుంటే వాళ్లను తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. నా కడుపుమంటంతా పాలసీలో ఉన్న ఒక్క అంకె మీద. స్టాకు విలువ: 18 లక్షలు.

2017లో సరుకు తాకట్టు మీద వ్యాపారానికిచ్చే సీసీ (క్యాష్ క్రెడిట్) లోను తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్లు వేసిన అంకె అది. అప్పట్నుంచి ఏటా బ్యాంకే ఖాతాలోంచి ప్రీమియం కోసుకుని రెన్యువల్ చేసేది. కాపీ కూడా అడిగితేనే ఇస్తారు, నేను అడిగిందీ లేదు. 2021లో పాత ఫైర్ పాలసీ బదులు చిన్న వ్యాపారాలకని భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ వచ్చినప్పుడు మాత్రం, వరద కూడా అందులోనే ఉందని మా లైనులో షాపులవాళ్లందరికీ చెప్పి తీసుకోమన్నవాణ్ణి నేనే. ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నా. కాకపోతే ఇంకో మాట కలపాలి.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మీద పడింది. మాది స్టేషనరీ హోల్‌సేల్, గోడౌను కింది అంతస్తులోనే. గండ్లు పూడ్చేసరికి 7వ తేదీ అయింది, నేను షట్టరు ఎత్తగలిగింది 10న. నీళ్లు తాగిన కాగితం ఎంత లావెక్కుతుందో నాకు అప్పటిదాకా తెలీదు. రీములు ఉబ్బి రాక్‌లలో బిగుసుకుపోయాయి, లాగితే రావు. గడ్డపారతో పొడిచి ముక్కలుగా తీశాం. ఒక్కో కట్ట మధ్యలో అరచేతి వెడల్పున తెల్లగా, పొడిగా కనపడేది. మా కుర్రాడు ప్రతిసారీ దాన్ని చూపించి, “అన్నా, ఇది పనికొస్తుందేమో” అనేవాడు.

నష్టం లెక్కకట్టడానికి ఇన్సూరెన్స్ తరఫున వచ్చిన సర్వేయర్ మాత్రం మంచాయన. బురదలోనే రెండు పూటలు నిలబడి లెక్క రాసుకున్నాడు. బిల్లు పుస్తకాలు, కంప్యూటరు అన్నీ మునిగాయి, ఏం చూపించాలా అని భయపడ్డాను. జీఎస్టీ పోర్టల్లో నా కొనుగోళ్లన్నీ ఉన్నాయి, ఆడిటర్‌గారి దగ్గర జూలై దాకా ట్యాలీ లెక్కల బ్యాకప్ ఉంది. వాటితోనే సరిపెట్టుకున్నాడు. అది నేను ఊహించని మేలు.

అదే మేలు నా మెడకు చుట్టుకుంది. ఆ లెక్కల్లోనే ఆగస్టు 31 నాటికి గోడౌనులో 30 లక్షల సరుకుందని తేలింది. రేటు కలిసొచ్చిందని రికార్డు పుస్తకాలు, ఆఫీసు ఫైళ్లు ఒక లోడు ఎక్కువ దించి ఉన్నాను. పాడైంది 14 లక్షలది. తడి కాగితం తుక్కు కింద 40 వేలు పోను 13 లక్షల 60 వేలు. ఆ మొత్తం వస్తుందనుకుని ఇంట్లో కూడా చెప్పేశాను.

30కి 18 అంటే నూటికి అరవై. ఉన్న సరుకు కంటే ఎంత శాతం తక్కువకు రాయించుకుంటే, జరిగిన నష్టంలో అంత శాతం మనమే మోయాలి. ఈ పాలసీలో 15 శాతం దాకా తేడా వస్తే చూసీ చూడనట్టు వదిలేస్తారు. నాది 40. దాంతో 13.60 కాస్తా 8 లక్షల 16 వేలైంది. అందులో నా వాటా కింద 5 శాతం కోత, చేతికి 7 లక్షల 75 వేలు. చేతికి అనడం కూడా తప్పే, పాలసీలో బ్యాంకు పేరు ముందుంది కాబట్టి నేరుగా సీసీ ఖాతాలో పడింది. బురద, చెత్త తీయించడానికి 22 వేలయితే 15 వేల చిల్లర ఇచ్చారు, క్లెయిములో 2 శాతమే లెక్కట.

ఇవన్నీ అయ్యాక ఆడిటర్‌గారు ఇంకో పిడుగు వేశారు. పాడైపోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టి తర్వాత మా పన్నులో తగ్గించుకున్న జీఎస్టీ, వెనక్కి కట్టాలి. అప్పట్లో మా సరుకులో ఎక్కువ భాగం మీద 12 శాతం, అంటే లక్షన్నర పైనే. సర్వేయర్ పన్ను లేకుండా కొన్న ధరే లెక్కేశాడు కాబట్టి అది పూర్తిగా నా నెత్తిన పడింది.

బిల్డింగు ఓనరుగారి సంగతి వేరే కథ. వంగిపోయిన షట్టరు, కూలిన ప్రహరీ చూపించి, “మీకు ఇన్సూరెన్స్ ఉందిగా, చేయించెయ్యండి” అన్నారు. నా పాలసీ సరుకుకేనండీ, బిల్డింగుకు మీరు తీసుకోవాలి అంటే నమ్మలేదు. చివరికి షట్టరు ఖర్చు చెరిసగం పెట్టుకున్నాం.

మళ్లీ కట్టానా అంటే, కట్టాను. లోను ఉంది, ఎటూ తప్పదు. లేకపోయినా కట్టేవాణ్ణేమో, బుడమేరు పక్కన ఉన్నవాణ్ణి. ఏడాది పొడుగునా సరుకు ఒకే తీరుగా ఉండే షాపులకు నాకొచ్చిన ఇబ్బంది రాకపోవచ్చు. పై అంతస్తులో ఉన్నవాళ్ల లెక్క వేరు. నేనైతే ఈసారి రెన్యువల్‌కు ముందే బ్యాంకుకెళ్లి, కౌంటర్ దగ్గర నిలబడి 35 లక్షలని రాయించుకున్నాను. ప్రీమియం ఎక్కువవుతుంది సార్ అన్నాడు ఆ అబ్బాయి, నా మంచి కోరి.