ఎక్స్‌టీ కంప్యూటర్‌కు సీగేట్ ఎస్‌టీ-225 హార్డ్ డిస్క్: ఆరు నెలల వాడకం తరువాత

1980ల నాటి ఐబీఎం ఎక్స్‌టీ తరహా పాత పర్సనల్ కంప్యూటర్‌ను ఆ కాలపు విడిభాగాలతోనే నడపాలని పూనుకున్నవారికి అన్నిటికంటే కష్టమైన నిర్ణయం హార్డ్ డిస్క్‌దే. కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ ఒక ఫ్లాపీలో, వర్డ్ ప్రాసెసర్ ఇంకొకదానిలో ఉంటే, వాటిని మార్చి మార్చి పెట్టడంలోనే ఓపిక హరించుకుపోతుంది. ఎంతో ఆలోచించి నేను సీగేట్ ఎస్‌టీ-225 తీసుకున్నాను, తీసుకున్నందుకు సంతోషంగా ఉన్నాను.

1980లో ఇదే సంస్థ తెచ్చిన ఎస్‌టీ-506లో 5 మెగాబైట్లు మాత్రమే పట్టేవి. 1983 నాటి ఐబీఎం ఎక్స్‌టీతో 10 మెగాబైట్ల డ్రైవు వచ్చేది. రెండూ పెట్టెలోని డ్రైవు గది పూర్తి ఎత్తును ఆక్రమించేవే. ఎస్‌టీ-225 అందులో సగం ఎత్తులోనే 20 మెగాబైట్లు ఇస్తుంది. 615 సిలిండర్లు (అన్ని హెడ్ల కింద ఒకే స్థానంలో ఉండే వలయాకార ట్రాకుల సమూహాలు), 4 హెడ్లు (చదివి రాసే భాగాలు), ట్రాక్‌కు 17 సెక్టార్ల (512 బైట్ల ముక్కల) చొప్పున లెక్క కడితే, 360 కిలోబైట్ల ఫ్లాపీలు 58 ఇందులో ఇమిడిపోతాయి.

ఇదే యంత్రభాగాలతో వచ్చిన ఎస్‌టీ-238ఆర్ నన్ను కొన్నాళ్లు ఊరించింది. సమాచారాన్ని మరింత దట్టంగా నింపే ఆర్‌ఎల్‌ఎల్ పద్ధతిలో ట్రాక్‌కు 26 సెక్టార్లు రాస్తుంది కనుక అందులో 30 మెగాబైట్లు పడతాయి. అయితే అంత దట్టంగా రాసిన సమాచారాన్ని, ఉష్ణోగ్రతతో పాటు హెడ్ల స్థానం కొద్దికొద్దిగా జరిగే స్టెప్పర్ మోటారు (హెడ్లను మెట్టు మెట్టుగా జరిపే మోటారు) డ్రైవు, ఇన్నేళ్ల వయసులో తప్పు లేకుండా చదువుతుందన్న నమ్మకం నాకు కలగలేదు. మామూలు 225ను ఆర్‌ఎల్‌ఎల్ కంట్రోలర్‌కు (డ్రైవును కంప్యూటర్‌తో కలిపి నడిపే కార్డుకు) తగిలించి చోటు పెంచుకోవడం మరీ ప్రమాదం; మొదట బాగానే పనిచేసినా, కొంతకాలానికి ఫైళ్లు చదవడంలో తప్పులు రావచ్చు. ఎస్‌టీ-251 వేగమైనదే, దానిలో 40 మెగాబైట్లు పడతాయి కూడా; కానీ డాస్ 3.3లో ఒక విభాగం 32 మెగాబైట్లు దాటకూడదు కనుక దాన్ని రెండుగా విభజించక తప్పదు.

నిజానికి డ్రైవు మీద పెట్టినంత శ్రద్ధ కంట్రోలర్ కార్డు మీదా పెట్టాలి. డిస్క్ నిమిషానికి 3,600 సార్లు తిరుగుతుంది. ఒక సెక్టార్‌ను చదివి సర్దుకునేలోగా తరువాతి సెక్టార్ హెడ్ కింద నుంచి దాటిపోతే, అది మళ్లీ వచ్చేదాకా దాదాపు 17 మిల్లీసెకన్లు ఊరికే ఆగవలసి వస్తుంది. అందుకే సెక్టార్ల వరుస సంఖ్యలను పక్కపక్కన కాకుండా ఎడం ఎడంగా వేస్తారు. ఈ ఇంటర్‌లీవ్ కంప్యూటర్‌కు సరిపడకపోతే, మంచి డ్రైవు కూడా నత్తనడక నడుస్తుంది. నేను రెండు మూడు విలువలతో లో-లెవెల్ ఫార్మాట్ (డిస్క్ మీద సెక్టార్ల గుర్తులను కొత్తగా రాయడం) చేసి, ప్రతిసారీ ఒకే పెద్ద ఫైలును చదివించి చూసి, తేడా తేలిన తరువాతే ఒకటి ఖాయం చేసుకున్నాను. ఫార్మాట్‌కు ముందు డ్రైవును అరగంటైనా తిరగనిచ్చి వేడెక్కనివ్వాలి. తరువాత ఏ భంగిమలో వాడతామో ఆ భంగిమలోనే ఉంచి ఫార్మాట్ చేయాలి.

కొనేటప్పుడు పైనున్న లేబుల్ తప్పక చూడండి. ఫ్యాక్టరీలో కనిపెట్టిన చెడ్డ ట్రాకుల సిలిండర్, హెడ్ సంఖ్యలు దాని మీద ఉంటాయి, ఫార్మాట్ సమయంలో వాటిని నమోదు చేయాలి. నాకు మొదట ఒక విక్రేత ఆ లేబుల్ చిరిగిపోయిన డ్రైవును పంపాడు, తిరిగి పంపించేశాను.

లోపాలు చెప్పకపోతే ఈ సమీక్ష నిజాయితీగా ఉండదు. సగటున 65 మిల్లీసెకన్ల యాక్సెస్ సమయం (హెడ్లు కావలసిన చోటికి చేరడానికి పట్టే సమయం) ఆనాటికీ గొప్ప వేగమేమీ కాదు. కంప్యూటర్ ఆపేటప్పుడు ఈ డ్రైవు హెడ్లను తనంతట తాను భద్రమైన చోటికి చేర్చదు. పార్క్ ప్రోగ్రామ్ నడిపాకే స్విచ్ ఆపాలి, ముఖ్యంగా పెట్టెను కదిలించే ముందు.

డ్రైవు, కంట్రోలర్ జతగా దొరికితే ఆ జతనే తీసుకోండి. ఒక రకం కంట్రోలర్ ఫార్మాట్ చేసిన డిస్క్‌ను మరో రకం చాలాసార్లు చదవలేదు కనుక, లోపల ఎవరివో పాత ఫైళ్లు మిగిలి ఉంటే వాటిని కాపాడుకునే దారి ఆ జతలోనే ఉంటుంది.