కార్బన్ క్రెడిట్ల పరిశోధన: ఉపగ్రహ లెక్కలా, ఊరి మాటలా?

అడవిని నరకకుండా కాపాడే ప్రాజెక్టులు, అలా గాలిలో కలవకుండా ఆపిన కార్బన్‌ను లెక్కగట్టి క్రెడిట్లుగా అమ్ముతాయి. చట్టం బలవంతం లేకుండా ఇష్టపడి కొనే స్వచ్ఛంద కార్బన్ మార్కెట్లలో అమ్ముడయ్యే ఈ అటవీ క్రెడిట్ల నిజానిజాలు తేల్చడానికి ఒక దారి ఉపగ్రహ చిత్రాలు. ప్రాజెక్టు లేకపోతే ఎంత అడవి పోయేదో ఎవరూ చూడలేరు. అందుకే ప్రాజెక్టు ప్రాంతాన్ని పోలిన, ప్రాజెక్టు లేని ఇతర ప్రాంతాలను కలిపి ఒక కృత్రిమ జోడును తయారుచేసి, తేడా కొలుస్తారు. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఇలాగే పెరూ, కంబోడియా, టాంజానియా సహా ఆరు దేశాల్లోని 26 ప్రాజెక్టులను పరీక్షించింది. చాలావాటిలో అడవుల నరికివేత చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని తేల్చింది. క్రెడిట్లను ధ్రువీకరించే వెర్రా సంస్థ ఈ పద్ధతినే తప్పుపట్టింది. అభ్యంతరంలో కొంత పస లేకపోలేదు: జోడు మారితే ఫలితమూ మారుతుంది.

రెండో దారి ఊళ్లో ఉండి మాట్లాడటం. ఒప్పందంపై ఎవరు సంతకం చేశారు, డబ్బు ఎవరికి చేరింది, ఎవరి పశువులకు మేత భూమి పోయింది అన్నవి ఏ ఉపగ్రహానికీ కనిపించవు. అయితే ప్రాజెక్టు సిబ్బందే దుభాషులుగా వస్తే సగం నిజమే వినిపిస్తుంది. పైగా ఒక ఊరి అనుభవాన్ని ఖండమంతటికీ వర్తింపజేయలేం.

క్రెడిట్ నిజమా అన్నదే ప్రశ్నయితే నేను మొదటిదే ఎంచుకుంటాను. స్థానికులకు న్యాయం జరిగిందా అంటే మాత్రం ఊరికి వెళ్లక తప్పదు. అదీ ప్రాజెక్టు మొదలవకముందే ఒకసారి వెళ్తే, తర్వాత పోల్చడానికి ఆధారం దొరుకుతుంది.