బంధువుల ఇల్లు, చారిత్రక కట్టడాలు: ప్రయాణంలో రోజులు ఎలా పంచుకోవాలి?

బంధువులున్న ఊళ్ళోనే చూడదగిన కోటో, గుడో, మ్యూజియమో ఉన్నప్పుడు, చేతిలో ఉన్న రెండు మూడు రోజులను ఎలా పంచుకోవాలన్న ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. బంధువుల ఇంట్లోనే దిగి వీలు చూసుకుని కట్టడాలకు వెళ్ళడం ఒక పద్ధతి. విడిగా బస చేసి, చూడవలసినవన్నీ చూశాక చివరలో బంధువులను పలకరించడం రెండోది. వారినే వెంటబెట్టుకుని అన్నిచోట్లకూ కలిసి తిరగడం మూడోది.

మొదటి పద్ధతిలో ఉన్న చిక్కంతా ఆ 'వీలు' అన్న మాటలోనే ఉంది. చాలాకాలానికి కలిసినవారి మధ్య మాటలు మొదలయ్యాక, మధ్యలో లేచి వెళ్తామని చెప్పడానికి నోరు రాదు. మొహమాటంతోనే పూట గడిచిపోతుంది. కట్టడాల వేళలు మాత్రం మన కోసం మారవు. తాజ్‌మహల్‌ను శుక్రవారం సందర్శకులు చూడలేరు, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. స్పెయిన్‌లోని అల్‌హంబ్రా కోటలో నస్రిద్ వంశపు రాజభవనాలలోకి టికెట్టుపై వేసిన సమయానికే వెళ్ళాలి. అటువంటి చోటికి వెళ్ళే పూటను ముందే ఖాయం చేసుకోకపోతే, అంత దూరం వచ్చి కూడా చూడకుండానే తిరిగి వెళ్ళవలసి వస్తుంది.

విడిగా బస చేస్తే ఈ ఇబ్బంది ఉండదు. కంబోడియాలోని పురాతన ఆలయాల సముదాయం అంగ్‌కోర్ వంటి చోట అదే సరైన పద్ధతి కూడా. సుమారు 400 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ఆ ప్రాంతానికి 1, 3, 7 రోజుల పాసులు ఇస్తున్నారంటేనే అది ఒక పూటలో ముగిసే పని కాదని తెలుస్తుంది. కానీ అంత పెద్ద స్థలాలు కొన్నే. మిగిలిన ప్రయాణాలలో ఈ పద్ధతిని నేను సమర్థించలేను. చివరికి మిగిల్చిన పలకరింపు, సామాను గుమ్మంలో పెట్టి, బండి టైము చూసుకుంటూ కూర్చున్న అరగంటగా మారిపోతుంది, అది పెద్దవారి మనసుకు తగులుతుంది. పైగా కుటుంబం ఆ ఊరికి ఎప్పుడు వచ్చింది, పాత ఫొటోలో చివర నిలబడినది ఎవరు అన్న సంగతులు ఏ మ్యూజియంలోనూ దొరకవు. అవి చెప్పగలిగినవారు ఆ ఇంట్లోనే ఉన్నారు, ఆ మాటలు అరగంటలో వచ్చేవి కావు.

అందరూ కలిసి తిరగడం వినడానికి బాగుంటుంది గాని, మోకాళ్ళ నొప్పులున్నవారికి కోట మెట్లు, చిన్నపిల్లలకు శాసనాల గది ఒక్కలాగే కష్టం. ఒకరి కోసం ఒకరు ఆగుతూ, ఎవరూ తృప్తిగా చూడలేరు.

అందువల్ల నా ఓటు మొదటి పద్ధతికే, ఒక మార్పుతో. బయలుదేరే ముందే ఫోనులో, 'రెండో రోజు పొద్దున్నే మేము కోటకు వెళ్తాం, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటాం' అని చెప్పేయాలి. ముందే చెప్పిన మాటకు ఎవరూ నొచ్చుకోరు; వచ్చాక హఠాత్తుగా చెబితేనే అది తప్పించుకోవడంలా కనిపిస్తుంది. ఆ ఒక్క పూట పోగా మిగిలిన సమయం నిశ్చింతగా వారిదే.

మూడో పద్ధతిలోని మంచిని కూడా వదులుకోనక్కరలేదు. మెట్లు తక్కువగా ఉండి, కూర్చోవడానికి నీడ ఉన్న చిన్న స్థలం ఒకదానిని వారినే ఎంచమని అడిగి, ఒక సాయంత్రం కలిసి వెళ్ళవచ్చు. ఊళ్ళోనే ఉన్నవారు దాన్ని చూసి ఏళ్ళు గడిచి ఉండవచ్చు. అక్కడి బోర్డు మీద రాజు పేరు, కట్టిన సంవత్సరం ఉంటాయి. తమ చిన్నతనంలో కోనేటి నీళ్ళు ఎన్నో మెట్టు దాకా ఉండేవో, ఏ గోడ తమ కళ్ళముందే కూలిందో వారు చెబుతారు.