కొత్త డైవర్లకు హేవ్‌లాక్, పుదుచ్చేరి: ఆరేళ్ల తర్వాత నా మాట

మాది నెల్లూరు. మైపాడు అలల్లో మునిగి తేలుతూ పెరిగినవాణ్ణి కాబట్టి స్కూబా నాకేమంత కష్టమని అనుకునేవాణ్ణి. ఆ ధీమా ఏడో డైవ్‌లోనే దిగిపోయింది.

స్కూబా మొదటి కోర్సు పూర్తిచేస్తే ఇచ్చే ఓపెన్ వాటర్ కార్డు ఉంటే 18 మీటర్ల వరకు దిగవచ్చు. అండమాన్‌లో నన్ను పడవ ఎక్కించినవాళ్లు ఆ కార్డు చూశారు కానీ, చివరిసారి ఎప్పుడు దిగానో అడగలేదు. పద్నాలుగు నెలలైందని నేనూ చెప్పలేదు. లోతు 16 మీటర్లే. ప్రవాహం మాత్రం ఎంత బలంగా ఉందంటే, లంగరు తాడు పట్టుకుని గాలికి జెండాలా అడ్డంగా ఊగాను. ఇరవై నిమిషాల్లో సిలిండరులోని గాలి 200 బార్ల (ఒత్తిడి కొలత) నుంచి 70కి పడిపోయింది. గైడ్ జాగ్రత్తగా పైకి తెచ్చాడు. ఆ డైవ్‌లో నేను చూసినదల్లా గాలి మీటరు ముల్లు ఒక్కటే.

అప్పటి నుంచి నలభైకి పైగా డైవ్‌లు చేశాను. లోతును చూసి డైవ్‌ను ఎంచుకోవడం మానేశాను. ఇప్పుడు స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన అండమాన్ దీవి హేవ్‌లాక్‌లో నీమో రీఫ్ అనే డైవ్ చోటును చాలామంది పిల్లల ఆటగా తీసిపారేస్తారు. ఒడ్డు నుంచే నడుచుకుంటూ దిగవచ్చు, లోతు తక్కువ. విరామం తర్వాత ఎప్పుడు వెళ్లినా నా మొదటి డైవ్ అక్కడే. మునగడానికి నడుముకు కట్టుకునే బరువు సరిపోయిందా, మాస్కులోకి నీరు వస్తే తడబడుతున్నానా అన్నవి అక్కడ తేలిపోతాయి. మరుసటి రోజు లైట్‌హౌస్ అనే డైవ్ చోటు. లోతైన డిక్సన్స్ పినకిల్‌కు పాతిక డైవ్‌లు పూర్తయ్యాకే వెళ్లాను, అదీ అడ్వాన్స్‌డ్ కోర్సు చేసి.

గాలి లెక్క కూడా చూసుకోవాలి. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి నీటి పైన ఉన్నదానికి రెండింతలు, 30 దగ్గర నాలుగింతలు. ఒత్తిడి పెరిగినకొద్దీ ఒక్కో శ్వాసకు అంత ఎక్కువ గాలి ఖర్చవుతుంది. పది మీటర్లలో 50 నిమిషాలు వచ్చే సిలిండరు ముప్ఫైలో 25 నిమిషాలకే అయిపోతుంది. కంగారు పడితే అంతకూడా రాదు.

పుదుచ్చేరి మనకు దగ్గర, ఖర్చూ తక్కువ. అయితే అక్కడి నీరు ఏ రోజు ఎలా ఉంటుందో చెప్పలేం. ఒకసారి మన చేపల పులుసంత చిక్కగా ఉంది, చేపలు మాత్రం కనపడలేదు. గైడ్ కాళ్లకున్న ఫిన్స్ (ఈత రెక్కలు) చూసుకుంటూ ఈదాను. తేటగా ఉన్న రోజున అదే చోట అరగంట క్షణంలా గడిచింది. అందుకే కొత్తవాళ్లు ముందురోజు సాయంత్రం ఫోను చేసి, ఆ రోజు నీళ్లలో ఎంత దూరం కనపడిందో అడగాలి. ఒక గైడ్ వెంట ఎంతమంది దిగుతారన్నది నా రెండో ప్రశ్న. నలుగురంటే నేను దిగకుండా ఆగిపోతాను.

ఒంగోలు బావ ఈమధ్యే కార్డు తెచ్చుకున్నాడు. ఫిబ్రవరిలో ఇద్దరం హేవ్‌లాక్ వెళుతున్నాం. నాకు చెప్పకుండా మొదటి రోజే డిక్సన్స్ బుక్ చేశాడు. రద్దు చేయించి నీమో రీఫ్ రాయించాను. వారం రోజులుగా నాతో మాట్లాడటం లేదు.